దూలం ఎక్కడికీ పోలేదు

'తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడు' అని మనకో తిట్టు ఉంది. తిట్టు ఇంకా వాడుకలోనే ఉంది కానీ, లెక్కపెట్టడానికి వాసాలే లేవు. ఈ తరం పిల్లవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి పైకి చూడమంటే కనిపించేది తెల్లటి రంగు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కొక్కెం చుట్టూ సన్నటి బీట. అంతే. వాళ్ల తాత చిన్నప్పుడు పడుకుని పైకి చూస్తే పెద్ద దూలం, దాని మీద అడ్డంగా వరసగా దంతెలు, దంతెల మధ్య పొగచూరిన నాపరాళ్లు, ఒక మూల గవాక్షంలోంచి జారే ఎండ కనిపించేవి. ఇల్లు దేని మీద నిలబడిందో మంచంలో పడుకునే తెలిసిపోయేది.

పల్నాడు జిల్లా గురజాల వైపు వెళ్తే అలాంటి మిద్దెలు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. పలనాటి యుద్ధం రోజుల్లో నలగామరాజు ఏలిన ఊరు అది. కొన్ని మిద్దెల్లో పెద్దవాళ్లు కాపురం ఉంటున్నారు. కొన్నింట్లో మిరపకాయ బస్తాలు, పత్తి, పాత సామాను ఉంటున్నాయి. వాటి పక్కనే నిన్న మొన్న కట్టిన శ్లాబు ఇళ్లు. రెండింటికీ పోలికే లేదనిపిస్తుంది. కానీ మిద్దెలో ఏ పని ఏది చేస్తుందో ఒకసారి తెలుసుకుని శ్లాబు వైపు చూస్తే దూలం అందులోనూ ఉంది, దంతెలూ ఉన్నాయి. కళ్లకు కనిపించకుండా దాక్కున్నాయి. చిక్కంతా ఆ దాక్కోవడంలోనే ఉంది.

ఈ గోడ నుంచి ఆ గోడకు

మిద్దె కప్పులో పెద్దదిక్కు దూలం. గది పొడవు వైపు కాకుండా పొట్టి వైపు, ఈ గోడ మీంచి ఆ గోడ మీదకు వేస్తారు. రెండు ఆనుళ్ల మధ్య దూరం ఎంత తగ్గితే దూలం అంత తక్కువ వంగుతుంది. గది మరీ వెడల్పయితే మధ్యలో గుంజ నిలిపి, దాని తల మీద అడ్డదిమ్మ పెట్టి, దాని మీద దూలాన్ని ఆనిస్తారు. దూలాల మీద అడ్డంగా దంతెలు. ఇవి సన్నటి కొయ్యలు, పక్కపక్కనే వరసగా ఉంటాయి. దంతెల మీద నాపరాళ్లు. రాయి తెచ్చుకోలేనివాళ్లు చీల్చిన కొయ్యపేళ్లో, కంపో పరిచి దాని మీద ఆకు వేసేవారు. ఆపైన బురదమన్ను మెత్తి, అన్నిటికీ పైన చవుడు పోసి దిమ్మిస కొట్టేవారు. చుట్టూ పిట్టగోడ. నీళ్లు ఒక పక్కకు పోయేలా కొంచెం వాటం. ఆ వాటం చివర గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తూము. వెలుతురు కోసం, పొగ పోవడం కోసం కప్పులో వదిలిన కంత గవాక్షం. వాన మొదలైతే ఇంట్లో ఎవరో ఒకరు పరుగున మిద్దెక్కి దాన్ని బండతోనో, పాత బానతోనో మూసేవారు.

రెండు దూలాల మధ్య ఉన్న ఎడమే అంకణం. 'మాది మూడంకణాల ఇల్లు' అంటే ఇల్లెంతో ఊళ్లో అందరికీ అర్థమయ్యేది. నెల్లూరు వైపు స్థలం కొనేవాళ్లు ఇప్పటికీ అంకణాల్లోనే బేరమాడతారు. అక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. స్థలం మీద ఇల్లే లేకపోయినా దూలాల కొలత మాత్రం దస్తావేజుల్లోకి ఎక్కి కూర్చుంది! మొదట మాత్రం అది కొయ్య కొలత. చెట్టు ఎంత పొడుగిస్తే గది అంత. ఆశ ఎంతున్నా, డబ్బెంతున్నా దూలం పొడవు దాటి గది పెరగదు.

నాపరాయికి పల్నాడులో కొదవ లేదు. దాచేపల్లి, నడికుడి, మాచర్ల... ఎటు తవ్వినా సున్నపురాయే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ పల్నాడు సున్నపురాయి మీదనే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి ఫలకాలదీ ఈ రాయే. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల నాటి మండపాల రాతి స్తంభాలు బయటపడ్డాయి కానీ, వాటి మీద ఉండాల్సిన కొయ్య కప్పు లేదు. ఏ ఇంట్లోనైనా ముందుగా పోయేది అదే మరి.

అంత గట్టి రాయి చేతిలో ఉండగా దాన్నే ఈ గోడ నుంచి ఆ గోడకు పరచొచ్చు కదా, మధ్యలో ఈ దంతెలెందుకు? రాతి గుణం అలాంటిది. ఒక నాపబండను రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నిలబడితే బండ పై భాగం నొక్కుకుపోవాలని చూస్తుంది, కింది భాగం సాగాలని చూస్తుంది. నొక్కితే రాయి ఎంతైనా ఓర్చుకుంటుంది. సాగదీస్తే ఓర్చుకోదు. కింది వైపు సన్నటి చీలిక పుట్టి, ఠప్పున రెండు ముక్కలవుతుంది. కొయ్య అలా కాదు, సాగుడునీ తట్టుకుంటుంది. విరిగే ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, ఇంట్లోవాళ్లకు చెబుతుంది. అందుకే రాయికి అడుగున్నర, రెండడుగుల దూరం మాత్రమే అప్పగించి, మిగతా దూరాన్ని దంతెలకూ దూలాలకూ పంచారు మేస్త్రీలు. వాళ్లెవరూ ఇంజినీరింగు చదవలేదు. విరిగిన బండలను చూసి నేర్చుకున్నారు.

పంటకు పనికిరాని మన్ను

పల్నాడులో నల్లరేగడికి లోటు లేదు. అయినా మిద్దె మీద రేగడి పోసినవాడు లేడు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. ఎండాకాలం పగుళ్లలోంచి తొలకరి వాన నేరుగా నట్టింట్లోకి దిగుతుంది. అందుకని పంటకు పనికిరాని చవుటినేల వెతికి, తెల్లగా ఉప్పు పేరిన ఆ మన్ను బండ్లకెత్తుకొచ్చేవారు. చవుడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి, మట్టిలోని సన్నటి రంధ్రాల్లోకి దూరి మూసేస్తాయి. పొలంలో నీళ్లు ఇంకనివ్వకుండా పైరును చంపే గుణమే మిద్దె మీద వాన దిగకుండా ఇంటిని కాపాడింది. రైతు తిట్టుకున్న నేలను ఇల్లాలు మెచ్చుకుందన్నమాట.

కానీ వాన కొంచెం కొంచెంగా చవుడును కోసుకుపోతుంది. అందుకే ఏటేటా తొలకరికి ముందు మళ్లీ కొత్త చవుడు పోయాలి. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. లెక్క చూద్దాం. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉన్న గది. దాని కప్పు మీద అడుగు మందాన మట్టి ఉంటే ఆ మట్టి బరువు దాదాపు 7 టన్నులు. రెండు ట్రాక్టర్ ట్రక్కుల మట్టిని నెత్తిన పెట్టుకుని కింద నిద్రపోతున్నట్టు లెక్క. అదే గదికి అయిదంగుళాల శ్లాబు వేస్తే బరువు నాలుగున్నర టన్నులు దాటదు. పాత మట్టి తీయకుండా మరో రెండంగుళాలు చవుడు పోస్తే ఇంకో 1,200 కిలోలు ఎక్కినట్టే. అలా నాలుగైదుసార్లు పోశాక ముసురు పట్టి మూడు రోజులు వాన కురిస్తే మట్టి తాగిన నీళ్ల బరువు అదనం.

ఆ బరువంతా ఎక్కడికి చేరుతుంది? దంతెల నుంచి దూలానికి, దూలం నుంచి గోడలో దూరి ఉన్న దాని రెండు కొసలకు. నడిమి దూలం అందరికీ కనిపిస్తుంది, నల్లగా నిగనిగలాడుతూ నిబ్బరంగానే ఉంటుంది. గోడలో ఉన్న మూరెడు కొస ఎవరికీ కనిపించదు. గాలి ఆడదు. పైనుంచి ఊరిన తడి అక్కడే నిలుస్తుంది. చెదలు గోడ మట్టిలోంచి నేరుగా అక్కడికే వస్తాయి. చేవదేలిన వేపమానో, ముదురు తాటిమానో అయితే కొన్ని తరాలు ఓర్చుకుంటుంది. లేతమాను అయితే పదేళ్లకే పొట్టు మిగులుతుంది. వానాకాలంలో 'నిద్రలోనే మిద్దె కూలి' అని పత్రికల్లో వచ్చే వార్తల వెనక చాలాసార్లు ఉండేవి ఈ రెండే. పైన పెరిగిన మట్టి, లోపల పుచ్చిన కొస.

పాత మిద్దెలో ఉంటున్నవాళ్లు వానలకు ముందు ఒక్క పూట దీని మీద పెట్టాలి. దూలం గోడలోకి దూరే చోట కింద నేల మీద సన్నటి కొయ్యపొట్టు రాలుతోందా? దూలం కింద గోడకు నిలువు బీట ఉందా, కిందటేడు కన్నా వెడల్పయిందా? కొస దగ్గర గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటోందా? మొల తీసుకుని దూలం కొస దగ్గర పొడిచి చూస్తే గట్టి కొయ్య మొనను కూడా దిగనివ్వదు. పుచ్చిన కొయ్యలో అంగుళం దిగిపోతుంది. నిన్నటిదాకా సాఫీగా పడిన తలుపు ఈ రోజు గడపకు పట్టేస్తోందంటే పైనుంచి గోడ దిగుతోందని అనుమానించాలి. ఇందులో ఏది కనిపించినా కొత్త చవుడు పోయడం కాదు, పాత చవుడు దించాలి. అది కూడా మన్ను ఎండి ఉన్నప్పుడు, రెండు వైపుల నుంచీ సమంగా, లోపల దూలం కింద గుంజలతో ఊతం పెట్టాకే. మనుషులంతా ఒకే పక్క చేరి గడ్డపారలతో తవ్వితే మంచి దూలం కూడా ఓర్చుకోదు. ముసురు పట్టాక ఇంట్లో కిర్రుమన్న చప్పుడు వినిపిస్తే సామాను సంగతి వదిలేసి బయటికి వచ్చేయడమే.

గడ్డి, పెంకు

పూరింటి లెక్క వేరు. నిట్టాడు మీద వెన్నుగాడి, వెన్నుగాడి నుంచి గోడల మీదకు వాలుగా వాసాలు, వాసాలకు అడ్డంగా కట్టిన పెండెలు, పైన తాటాకో, గడ్డో. గోడ దాటి కిందికి దిగిన అంచు చూరు. సాయం అడిగేవాడు పట్టుకు వేలాడేది దాన్నే! బరువు తక్కువ కాబట్టి సన్నటి వాసాలు చాలు. కానీ గడ్డి నీటిని ఆపదు, జార్చేస్తుంది. అందుకే అంత నిటారు వాలు. నిప్పురవ్వకు మాత్రం ఒక్క క్షణం ఆగదు.

పెంకుటిల్లు దీనికి అన్న. కుమ్మరి చేసిన గూనపెంకులను ఏటా సర్దించుకోవాలి, కోతులు దూకితే మళ్లీ సర్దించుకోవాలి. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చునే గాడి పెంకు వచ్చింది. మన ఊళ్లలో బంగళా పెంకు అంటున్నది ఆ బాపతే. వంద చదరపు అడుగుల కప్పుకు దాదాపు 150 పెంకులు పడతాయి. పగిలిన పెంకు ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది, కప్పంతా విప్పక్కర్లేదు. ఈ సుఖం తర్వాత వచ్చిన ఏ కప్పుకూ లేదు.

శ్లాబులో ఉన్నవీ అవే

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాత పత్తి, మిరప డబ్బు చేతిలో ఆడింది. అప్పటికే మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, 1958 నాటిది. దంతెల మీద పరిచిన అదే సున్నపురాయిని మట్టితో కలిపి 1,450 డిగ్రీల దగ్గర కాలిస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్ అవుతుంది. రాయి రూపం మారింది కానీ గుణం మారలేదు. కాంక్రీటు కూడా నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే ఓర్చుకోదు. అందుకని శ్లాబు పొట్టలో, కింది వైపు ఇనప కమ్ములు పెట్టారు. కొయ్య చేసిన సాగుడు పని ఇప్పుడు ఇనుము చేస్తోంది. గది పొడవుగా ఉంటే బరువు మోసే కమ్ములు పొట్టి వైపే వేస్తారు. మిద్దె మేస్త్రీ దూలం వేసింది కూడా అటే కదా! గోడ లేని చోట ఈ పిల్లర్ నుంచి ఆ పిల్లర్‌కు వేసే బీము అచ్చంగా దూలమే.

దూలం కొస గోడలో దాక్కుంటే, ఇక్కడ కమ్ములు మొత్తం కాంక్రీటులో దాక్కున్నాయి. వాటికీ గాలికీ మధ్య అడ్డం ఉండే సిమెంటు పొరను కవర్ అంటారు. కాంక్రీటు పనికి ఆధారమైన ఐఎస్ 456 నియమావళి 2000 నాటి కూర్పు, మామూలు శ్లాబుకు ఆ పొర 20 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. చిటికెన వేలి వెడల్పుకు కాస్త ఎక్కువ. దాన్ని నిలబెట్టేవి కమ్ముల కింద పెట్టే చిన్న సిమెంటు బిళ్లలు. రూపాయల లెక్కలో ఇంట్లో అన్నిటికన్నా చౌక సరుకు. అవి పెట్టకుండా కంకర రాయి ముక్కలతో సరిపెడితే కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద కమ్ములు జారి సెంట్రింగ్ రేకుకు అంటుకుంటాయి. ఆ రోజు ఎవరికీ తెలియదు. పదేళ్లు పోయాక పైనుంచి నీళ్లు దిగి కమ్మి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు చాలక కాంక్రీటును కిందికి తోస్తుంది. అప్పుడు మంచం మీద పెచ్చు ఊడి పడుతుంది. దాని మీద సిమెంటు పూసి రంగు వేయడమంటే పుచ్చిన దూలానికి వార్నిష్ కొట్టడమే. కమ్మి కనిపించేదాకా పెచ్చు కొట్టి, తుప్పు గీకి, పైన నీళ్లు దిగే దారి మూశాకే పూత.

సన్‌షేడ్ సంగతి ఇంకా విచిత్రం. అది ఒకే వైపు గోడను పట్టుకుని గాలిలోకి చాచిన చెయ్యి. దాంట్లో సాగేది కింది భాగం కాదు, పై భాగం. కాబట్టి కమ్ములు పై వైపు ఉండాలి. మేస్త్రీ సరిగ్గానే కట్టినా, పోసేటప్పుడు ఎవరో ఒకరు తొక్కితే కమ్ములు అడుక్కు దిగిపోతాయి. చూడ్డానికి సన్‌షేడ్ చక్కగా ఉంటుంది, ఒక పండగ నాడు నలుగురు ఎక్కి కూర్చునేదాకా. ఇల్లు కట్టించేవాళ్లు శ్లాబు పోసే రోజు మేస్త్రీకి కొబ్బరికాయ, కొత్త బట్టలు ఇవ్వడం మరచిపోరు. అక్కడే నిలబడి సన్‌షేడ్ కమ్ములు పైన ఉన్నాయో లేదో చూడటం మాత్రం మరచిపోతారు.

ఊత తీసే తొందర కూడా అలాంటిదే. ఆనుళ్ల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు, అంటే పదిహేను అడుగుల లోపు ఉన్న శ్లాబుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు తీయొద్దంటుంది అదే నియమావళి. ఇది మామూలు సిమెంటు మాట. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే, బూడిద కలిపిన రకాలకు ఇంకాస్త సమయం ఇవ్వాలి. నీళ్లు కట్టడం మామూలు సిమెంటుకు 7 రోజులు, ఈ రకాలకు 10 రోజులు తగ్గకూడదు. శ్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్లు నిలిపే అలవాటు మన రైతు ఇళ్లలో ఉంది, అది చాలా మంచిది.

శ్లాబు చెయ్యలేని పని ఒకటుంది. గురజాల పొరుగునే రెంటచింతల. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదైన ఊళ్ల పేర్లలో తరచూ వినిపించే పేరు. మిద్దె మీది అడుగు మందం మట్టిలోంచి మధ్యాహ్నపు వేడి కిందికి దిగేసరికి పొద్దు గూకుతుంది, దిగేది కూడా కొంతే. అయిదంగుళాల శ్లాబు సాయంత్రానికల్లా పెనంలా కాలి, తలుపులు వేసుకుని పడుకునే వేళకు ఆ వేడినంతా గదిలోకి వదులుతుంది. ఫ్యాను తిప్పేది ఆ వేడిగాలినే. దీనికి ఖర్చు లేని ఉపాయం తెలుపు. తెల్లటి పైకప్పు ఎండలో చాలా భాగాన్ని తిరిగి ఆకాశానికి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. గురజాలవాళ్లకు సరుకు కోసం దూరం పోవాల్సిన పని లేదు. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల పక్కనే ఉంది. ఫిబ్రవరి వెళ్లేలోపు డాబా ఊడ్చి, తూము గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీసి, బీటలు పూడ్చి, రెండు పూతలు సున్నం వేస్తే సరి. వానలకు పూత కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ ఏడాది మళ్లీ వెయ్యాలి, తాతలు చవుడు పోసినట్టే. కాకపోతే దీనికి బరువు లేదు.